పైకి పాకే గీత

ఇల్లు తుడుచుకోలేమని చెప్పుకోవడానికి ముందు ఇంటిని అద్దంలా తుడిచిపెట్టే మనుషులు ఇంకెక్కడైనా ఉన్నారో లేదో గానీ, రోస్కిల్డె ఊళ్ళో మాత్రం వీధికి నలుగురుంటారు. ఆ ఉదయం ప్రెబెన్ అదే పనిలో ఉన్నాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని వంటింటి నేల రుద్దాడు. కిటికీలు తుడిచాడు. ఓవెన్‌లో బన్నులు పెట్టాడు. పది గంటలకి మునిసిపాలిటీ నుంచి ట్రీనె అనే ఆవిడ వస్తోంది. అతని భార్య విబెకేకి ఇంట్లో ఎంత సాయం కావాలో చూసి తేల్చడం ఆవిడ ఉద్యోగం.

"సాయం అడగబోతున్నామా, ఇల్లు అమ్మబోతున్నామా?" అంది విబెకే కుర్చీలోంచి.

"వచ్చినావిడ ముక్కు మూసుకోవాలా ఏంటి?"

"మూసుకుంటేనే కదా ప్రెబెన్, సాయం ఇచ్చేది!"

అతను నవ్వి, వచ్చి ఆమె జాకెట్టు గుండీలు పెట్టాడు. పార్కిన్సన్స్ జబ్బు ఆమె వేళ్ళని గుండీలకి పనికిరాకుండా చేసి చాలా కాలమైంది. మాత్ర వేసుకున్న గంటకి ఒళ్ళు కాస్త మాట వింటుంది, ఆ మంచిపూట ఎంతోసేపు నిలవదు. రోజూ ఎనిమిదింటికి వేసే మాత్ర ఆ రోజు ప్రెబెన్ తొమ్మిదింటికి వేశాడు. కొత్త మనిషి ముందు ఆమె వణుకుతూ కూర్చోవడం బాగుండదనే అలా చేశానని తనకి తాను నచ్చచెప్పుకున్నాడు.

అసలు కారణం వేరు. ప్రెబెన్ ముప్పై ఏళ్ళకి పైగా రాజధానిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేశాడు. దేశం యుద్ధం నుంచి తేరుకున్న నాటి నుంచి కేంద్ర ప్రభుత్వం ఏడాదికేడాది దేనికెంత ఖర్చుపెట్టిందో చూసి, ఆ పొడవాటి కాలాన్ని ఒక్క బొమ్మలో గీయడం అతని పని. సైన్యం వాటా ఎలా సన్నబడుతూ వచ్చిందో, అప్పుల మీద వడ్డీ ఒకప్పుడు ఎలా ఉబ్బి మళ్ళీ ఎలా చప్పబడిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. కానీ అతనికి పేరు తెచ్చింది ఒకే ఒక్క గీత. పింఛన్లు, ఆస్పత్రులు, ముసలివాళ్ళ సంరక్షణకి మునిసిపాలిటీలకిచ్చే నిధులు కలిపి గీసిన గీత. అది గోడెక్కిన బచ్చలి తీగలా పైకే పాకేది. ఏటా వసంతంలో పెద్ద హాల్లో ఉపన్యాసం చెబుతూ, కర్రతో దాని కొస చూపించి, "ఇది ఇలాగే పోదు, పోనివ్వకూడదు" అనేవాడు. వృద్ధుల భారం అన్న మాట అతని నోటి నుంచే పత్రికల్లోకి పాకిందని కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టుకున్నారు. ఇప్పుడు తనే వెళ్ళి ఆ గీత కొసన కూర్చోవాలంటే అతనికి తల కొట్టేసినట్టుగా ఉంది.

ట్రీనె వచ్చింది. మంచి మనిషి. బన్ను తిని, కాఫీ తాగి, ఇల్లంతా కలయచూసింది.

"ఇల్లు బొమ్మలా పెట్టుకున్నారు! విబెకే, ఆ కిటికీ దాకా ఒకసారి నడిచి చూపిస్తారా?"

విబెకే నడిచింది. నెమ్మదిగానే అయినా నిటారుగా నడిచింది.

"స్నానం మాటేమిటి? మీరే చేసుకోగలరా?"

విబెకే నోరు తెరిచింది. ఈలోగానే ప్రెబెన్ అందుకున్నాడు. "మేం చూసుకుంటున్నాం. ఇబ్బందేం లేదు."

ఆమె భర్త వైపు చూసి, నోరు మూసేసుకుంది. పోయిన వారం స్నానాల గదిలో అతను ఆమెను లేవనెత్తబోతే ఇద్దరూ జారి, తడి నేల మీద చాలాసేపు అలాగే కూర్చుండిపోయారు. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికి తెలుసు, మూడో మనిషికి చెప్పలేదు.

"అయితే ప్రస్తుతానికి అవసరం లేదన్నమాట. సంతోషం. అందరూ మీలా ఉంటే మా పని ఎంత తేలికో!" అని, తన నంబరు ఇచ్చి ట్రీనె వెళ్ళిపోయింది. ఆ మెచ్చుకోలుకి ప్రెబెన్ గుండె ఒక్క క్షణం పొంగింది, వెంటనే ఎక్కడో కలుక్కుమంది.

మధ్యాహ్నం వాళ్ళ కూతురు డోర్తే వచ్చింది. అదే ఊళ్ళో బస్సు నడుపుతుంది. పొద్దుటి డ్యూటీ దిగి, చేపల ఊరగాయ సీసా పట్టుకుని నేరుగా ఇక్కడికే వచ్చింది.

"ఏం నాన్నా, వారానికి ఎన్నిసార్లు మనిషిని పంపిస్తామన్నారు?"

"అవసరం లేదని చెప్పాం."

"చెప్పామా? ఎవరెవరు చెప్పారు?"

ప్రెబెన్ బల్ల తుడవడం మొదలుపెట్టాడు. బల్ల మీద తుడవడానికి ఏమీ లేదు. అప్పటికి మాత్ర బలం దిగిపోయింది. విబెకే చేతులు ఒళ్ళో ఎగిరెగిరి పడుతున్నాయి. డోర్తే తల్లిని మెల్లగా లేపి స్నానాల గదికి తీసుకెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చి తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, తండ్రి ఎదురుగా నిలబడింది.

"అమ్మ చంకల కింద ఆ నల్లటి మచ్చలేంటి?"

"లేపేటప్పుడు..." ప్రెబెన్ బల్ల తుడుస్తూనే అన్నాడు. "జారిపోతుందేమోనని గట్టిగా పట్టుకున్నా."

"వేలి ముద్రలు పడ్డాయి నాన్నా! ఒక్కొక్క వేలు లెక్కపెట్టొచ్చు. ఇది ట్రీనెకి చూపించావా?"

"అందరూ ఇలా అడుగుతూ పోతే ఆ డబ్బు ఎక్కడినుంచొస్తుందే? మునిసిపాలిటీకి చెట్లకి కాస్తుందా? ముప్పై ఏళ్ళు ఊరందరికీ చెప్పి, ఇప్పుడు నేనే చెయ్యి చాపనా?"

"అందరూ కాదు, అమ్మ! ఒక్క అమ్మ! నా బస్సులో రోజూ ఎంతమంది ముసలమ్మలు ఎక్కుతారో తెలుసా? మెట్టు కిందికి దించి, వాళ్ళు కూర్చునేదాకా బండి కదపను. వాళ్ళు భారమైతే ఇక బస్సెందుకు? ఖాళీ బండి తిప్పుకోనా?"

"నీకు బస్సు తెలుసు, నాకు లెక్కలు తెలుసు."

"అమ్మ తెలుసా నీకు?"

ఆ మాటకి ప్రెబెన్ చేతిలోని గుడ్డ అలాగే ఆగిపోయింది.

"అరవొద్దు డోర్తే," అంది విబెకే. ఈ వేళకి ఆమె గొంతు కూడా పలచబడిపోతుంది, దగ్గరికెళ్ళి వినాలి. ఇద్దరూ దగ్గరికి జరిగారు. "ప్రెబెన్, నీ ఆఖరి ఉపన్యాసానికి నేనొచ్చాను, గుర్తుందా? ముందు వరసలో కూర్చున్నా."

"ఎందుకు గుర్తులేదు! నీలం గౌను వేసుకున్నావు."

"అప్పటికే నా ఎడమ చెయ్యి వణకడం మొదలైంది. నువ్వు ఆ గీత కొసన కర్ర పెట్టి వృద్ధుల భారం అన్నావు. హాలంతా తలలూపింది. నేను చెయ్యి తీసి హ్యాండ్‌బ్యాగు కింద దాచుకున్నా."

ప్రెబెన్‌కి వెంటనే అర్థం కాలేదు. జబ్బు సంగతి వాళ్ళకి తెలిసింది అతను రిటైరైన రెండేళ్ళకి.

"రెండేళ్ళు దాచావా? నా దగ్గరా?"

"నీ దగ్గరే. ఇంకెవరి దగ్గరైనా దాచాల్సిన పనేముంది?" ఆమె నవ్వబోయింది గానీ పెదవులు సహకరించలేదు. "ఈ రోజు కూడా చెబుదామనే నోరు తెరిచా. నువ్వు బడిలో పిల్లాడి చేత పాఠం అప్పజెప్పించుకునే అయ్యవారిలా నా వైపు చూస్తున్నావు. తప్పితే నీ పరువు పోతుందనిపించింది."

ముప్పై ఏళ్ళలో ఆ గీత మీద అతనితో మంత్రులు వాదించారు, ప్రొఫెసర్లు వాదించారు. ఒక్కరికీ తల వంచలేదు. ఇప్పుడు మాత్రం కుర్చీ పక్కన నేల మీద కూలబడి, ఆమె మోకాలికి తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. గీతలో తప్పేమీ లేదు. అంకెలన్నీ నిజాలే. కానీ దాని కొసన ఎవరో ఊరూ పేరూ లేనివాళ్ళు ఉంటారని అన్నేళ్ళూ అనుకున్నాడు. తన ఇంట్లో మనిషే అక్కడ చెయ్యి దాచుకుని కూర్చుందని ఒక్కనాడూ తట్టలేదు.

"మాత్ర కూడా కావాలనే ఆలస్యంగా ఇచ్చాను," అన్నాడు. "నువ్వు బాగా కనబడాలని."

"తెలుసు. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఎలా గడిచిందో నాకే తెలుసు."

డోర్తే ఫోన్ తీసి, ట్రీనె ఇచ్చిన నంబరు నొక్కి తండ్రి చేతికిచ్చింది. ట్రీనె ఎత్తేసరికి ప్రెబెన్ కళ్ళు తుడుచుకున్నాడు.

"పొద్దున నేను చెప్పింది అబద్ధమమ్మా," అన్నాడు. "మాకు చేతకావడం లేదు."

అవతల ట్రీనె కోప్పడలేదు. రోజూ వినే మాటే కాబోలు. "సరే ప్రెబెన్. మళ్ళీ వస్తాను. ఈలోగా ఆవిడకి ఏవేవి కష్టంగా ఉన్నాయో చెప్పండి," అంది.

చెప్పడానికి నోరు తెరిచాడు. అలవాటు అంత తొందరగా పోదు. ఒక్క క్షణం ఆగి, ఫోన్ విబెకే చెవి దగ్గర పట్టుకున్నాడు. "ఆవిడే చెబుతుంది," అన్నాడు.

విబెకే చెప్పింది. స్నానం, గుండీలు, చెంచా. మెట్లు. ఒక్కోసారి గుమ్మం దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోవడం. అవన్నీ ప్రెబెన్‌కి తెలిసినవే. ఆ తర్వాత ఆమె ఇంకాస్త గొంతు తగ్గించింది.

"మధ్యాహ్నం మూడు దాటాక నేను నీళ్ళు తాగను. తాగితే రాత్రి లేవాలి. లేవాలంటే ఆయన్ని లేపాలి. ఆయనకి నడుము నొప్పి."

రోజూ రాత్రి ఆమె నాలుక పిడచకట్టుకుని పక్కనే పడుకుని ఉంటే, తను హాయిగా గురకపెట్టాడు. పొద్దున లేచి, నిన్న రాత్రి బాగా నిద్రపోయావు కదా అని ఆమెను మెచ్చుకున్నాడు కూడా.

ఫోన్ డోర్తేకిచ్చి వంటింట్లోకి వెళ్ళాడు. గ్లాసు నిండా నీళ్ళు పట్టి తెచ్చి, ఆమె పెదవులకి అందించాడు. ఆమె గోడ గడియారం వైపు చూసింది.

"మూడున్నర దాటింది, ప్రెబెన్. రాత్రి లేపాల్సొస్తుంది."

"లేపు," అన్నాడు.

ఆమె గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది. అతను ఇంకో గ్లాసు తేవడానికి వెళ్ళాడు.