సగం ధర స్టిక్కర్లు

ఉదయం ఏడు కూడా కాకముందే పెద్దాయన వంటగది అరలన్నీ తెరిచి, ఏవేవి నిండుకున్నాయో చూసుకుంటున్నాడు. కాఫీ పొడి డబ్బా చెవి దగ్గర ఊపాడు. గిన్నెల సబ్బు అరిగి అరిగి చిన్న బిళ్ల మిగిలింది. నూనె సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, ఇంకో నాలుగు రోజులకి ఢోకా లేదనుకున్నాడు.

"మామయ్యా, వెన్న కూడా అయిపోవచ్చింది. రాసుకోండి," అంది కోడలు, పాలు పొంగకుండా ఓ కన్ను పొయ్యి మీదే ఉంచి.

"వెన్న సంగతి నాకొదిలెయ్యమ్మా. పూర్తి ధర పెట్టి మాత్రం కొనను."

"తాతయ్య ఇలాగే కొంటూ పోతే ఆ షాపు మూసేసుకోవాల్సిందే!" అంది మనవరాలు, బడి సంచీ సర్దుకుంటూ.

కొడుకు పగలబడి నవ్వాడు. పెద్దాయన కూడా నవ్వాడు. కాకపోతే కాస్త ఆలస్యంగా నవ్వాడు.

ఆయన నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. వీధి చివర ఇద్దరు నిలబడితే నిండిపోయే కొట్టు ఉండేది. చేతి గడియారం ఆగిపోతే బాగుచేయించుకునే వాళ్లు కరువై, రెండేళ్ల క్రితం కొట్టు మూసేశాడు. ఆ తర్వాత పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడం, భోజనానికి పిలిస్తే లేవడం తప్ప ఆయనకి పనంటూ లేకుండా పోయింది.

కొడుకు బస్సు డ్రైవరు. ఈ ఏడాది ఒక రూటు ఎత్తేయడంతో అదనపు డ్యూటీలు ఆగిపోయాయి. ఖర్చు ఎక్కడ తగ్గించాలా అని ఒక ఆదివారం ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఇంటద్దె తగ్గదు, బడి ఫీజు తగ్గదు. ఎటు తిరిగీ సరుకుల దగ్గరే తేలింది. "సరుకులు ఇకనుంచి నేను తెస్తాను," అన్నాడు పెద్దాయన. ఆయన నోరు తెరిచి ఒక పని తనకిమ్మని అడగడం రెండేళ్లలో అదే మొదటిసారి.

కోడలు రెండు వీధుల అవతల ఉన్న పెద్ద సరుకుల షాపులో బిల్లు కౌంటరు మీద పనిచేస్తుంది. గడువు దగ్గరపడిన సరుకు మీద అక్కడ రోజూ మధ్యాహ్నం మూడింటికి సగం ధర స్టిక్కర్లు వేస్తారు. పసుపు కాగితం, దాని మీద తేదీ, కొత్త ధర. పెద్దాయన సరిగ్గా మూడింటికి అక్కడుండేవాడు. మొదటి వారమే రొట్టె, గుడ్లు, వెన్న సగం ధరకి తెచ్చి బల్ల మీద పరిచాడు. "నాన్నా, నువ్వు లేకపోతే ఈ నెల గట్టెక్కేవాళ్లం కాదు," అన్నాడు కొడుకు. ఆ రాత్రి పెద్దాయన మరో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఆయన కోడలి కౌంటరుకి మాత్రం వచ్చేవాడు కాదు. "సొంతమనిషి దగ్గర బిల్లు వేయించుకుంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారమ్మా," అనేవాడు. కోడలికి ఆ మాట ఎంతో పద్ధతిగా అనిపించింది. ఆయనెప్పుడూ నాలుగో కౌంటరుకే వెళ్లేవాడు. అక్కడుండే ఆవిడ భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుకుంటోంది. ఒకసారి ఆవిడ చేతి గడియారం ఆగిపోతే పెద్దాయన పైసా తీసుకోకుండా బాగుచేసిచ్చాడు. అప్పట్నుంచి "బాబాయ్ గారూ" అని పిలిచేది.

ఆ రోజు మధ్యాహ్నం మేనేజరు కౌంటరు వాళ్లందరినీ తన గదికి పిలిచాడు. బల్ల మీద మూడు వెన్న ప్యాకెట్లున్నాయి.

"పోయిన వారం వీటి మీద నేనే స్టిక్కర్లు వేయించాను. ఇప్పుడు స్టిక్కర్లు లేవు, వెన్న మాత్రం ఉంది. స్టిక్కర్లు మూడూ ఆ సాయంత్రమే బిల్లయ్యాయి. అంటే ఏమిటి? వీటి మీంచి ఊడదీసి, కొత్త సరుకు మీద అతికించి పట్టుకుపోయారు. నెల రోజులుగా ఇదే వరస. కెమెరాకి అందని చోటు చూసుకుని మరీ చేస్తున్నారు."

మేనేజరు నాలుగో కౌంటరావిడ వైపు తిరిగాడు.

"అన్నీ నీ కౌంటర్లోనే బిల్లయ్యాయి. ఎవరు వాళ్లు? మీ వాళ్లేనా?"

"అయ్యో, నాకేం తెలుసు సార్! స్టిక్కరుంటే స్కాన్ చేస్తాం. జనం అంత బారున నిలబడితే తేదీ చూసే తీరికెక్కడిది?"

"తేదీ చూడ్డమే నీ పని. రేపు పొద్దున్నకల్లా ఎవరో చెప్పు. లేదంటే ఎల్లుండి నుంచి రానక్కర్లేదు." ఆయన ఒక ప్యాకెట్టు ఎత్తి అందరికీ చూపించాడు. "ఇంకో సంగతి. మన షాపు కుర్రాళ్లు గోరు పెట్టి లాగితే సగం కాగితం ప్యాకెట్టుకే ఉండిపోతుంది. ఇక్కడ చూడండి, జిగురు మరకైనా లేదు. ఎవడో చెయ్యి తిరిగినవాడు."

గాజు మీద గీత పడకుండా గడియారం వెనక మూత ఊడదీసే చేతుల్ని కోడలు పదేళ్లుగా చూస్తోంది. నాలుగో కౌంటరావిడ యూనిఫాం చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుంటూ, "పిల్లల మీద ఒట్టు సార్," అంటోంది. కోడలు నేల వైపు చూస్తూ నిలబడింది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరైంది. పెద్దాయన సంచీలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతున్నాడు. కోడలు చెప్పులైనా విప్పకుండా వెన్న ప్యాకెట్టు అందుకుని అటూ ఇటూ తిప్పింది.

"మామయ్యా, స్టిక్కరు మీద రేపటి తేదీ ఉంది. ప్యాకెట్టు మీదేమో ఇంకో రెండు నెలలుంది. ఏది నమ్మమంటారు?"

"షాపు వాళ్లే పొరపాటున వేసుంటారమ్మా."

"నెల రోజుల నుంచీ పొరపాటేనా?"

గొంతు పెద్దదవడంతో కొడుకు లోపల్నుంచి వచ్చాడు. "ఏంటా నిలదీయడం? పెద్దవాళ్లతో మాట్లాడే తీరేనా అది?" అన్నాడు. ఆమె జరిగింది చెప్పింది. అతని ముఖం ఎర్రబడింది. "అంటే? మా నాన్న దొంగంటావా?"

"అరవకురా," అన్నాడు పెద్దాయన. "అమ్మాయి చెప్పేది నిజమే."

పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మొదట్లో నిజంగానే దొరికేవి. తర్వాత అందరికీ తెలిసిపోయింది. నేను వెళ్లేసరికి బాగున్నవన్నీ ఎవరో ఎగరేసుకుపోయేవాళ్లు. మిగిలినవే తెచ్చాను. పాప ఆ వెన్న వాసన చూసి పక్కన పెట్టేసింది. నువ్వు దాన్ని నాకు తెలియకుండా చెత్తబుట్టలో వేసి, పూర్తి ధర పెట్టి వేరేది తెచ్చావు. నేను చూశానమ్మా. నీ తప్పని కాదు. మళ్లీ పేపరు పట్టుకు కూర్చోవాల్సిందేనా అనిపించింది. మర్నాడు చెయ్యి దానంతటదే ఆ స్టిక్కరు మీదికి పోయింది."

"నా కౌంటరుకి ఎందుకు రాలేదు?"

"నువ్వైతే తేదీ చూస్తావు. ఆవిడ చూడదు. నన్ను నమ్మింది."

"ఆ నమ్మినందుకే ఎల్లుండి ఆవిడ ఉద్యోగం పోతోంది మామయ్యా."

ఆయనకి ఆ సంగతి తెలియదు. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

కొడుకు గొంతు తగ్గించాడు. "ఇంతటితో ఆపేద్దాం. నాన్న ఇంక ఆ షాపుకెళ్లడు. చెప్పామనుకో, నీ ఉద్యోగానికే ఎసరు. నా ఒక్క జీతంతో ఎన్నాళ్లు నెట్టుకొస్తాం?"

కోడలు లోపలికెళ్లి పొయ్యి వెలిగించింది. ఆ పూట ఎవరూ సరిగ్గా తినలేదు.

మర్నాడు ఆమె కౌంటరు దగ్గర డబ్బాలు సర్దుకుంటుండగా పెద్దాయన షాపులోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఎవరి వైపూ చూడకుండా సరాసరి మేనేజరు గదిలోకెళ్లి, తలుపు మూయకుండానే, "ఆ స్టిక్కర్లు తీసింది నేను. నాలుగో కౌంటరమ్మకి ఏ పాపమూ తెలియదు," అన్నాడు.

మేనేజరు నమ్మలేదు. ఈ వయసు మనిషి ఎవరినో వెనకేసుకొస్తున్నాడనుకున్నాడు. పెద్దాయన బల్ల మీద స్టిక్కరుతో ఉన్న ఇంకో ప్యాకెట్టు తీసుకుని, బొటనవేలి గోటితో స్టిక్కరు మూల కాస్త లేపి, ఊపిరి బిగబట్టి లాగాడు. పసుపు కాగితం చెక్కు చెదరకుండా చేతిలోకి వచ్చింది. గుమ్మం దగ్గర చేరినవాళ్లలో ఎవరో నిట్టూర్చారు.

నెల రోజుల తేడా కట్టమన్నారు. షాపు గడప మళ్లీ తొక్కొద్దన్నారు. కోడల్ని కౌంటరు నుంచి తీసి, తక్కువ జీతం మీద గోడౌన్లో వేశారు. పెద్దాయన నాలుగో కౌంటరు దగ్గర ఆగి చేతులు జోడించాడు. ఆవిడ చాలాసేపు ఆయన వైపు చూడలేదు.

"నోరారా బాబాయ్ గారూ అని పిలిచాను కదండీ," అని మాత్రం అని, తర్వాతి మనిషి సరుకులు ముందుకి లాక్కుంది.

పది రోజులు ఆయన ఇల్లు కదల్లేదు. అరలు తెరిచి చూడలేదు. కొడుకు పలకరిస్తే తలూపేవాడు. మనవరాలు పక్కన కూర్చుని లెక్కలు చెప్పమంటే చెప్పేవాడు, అంతే. పదకొండో రోజు కోడలికి సెలవు. బజారుకి బయల్దేరుతూ ఆయన గది ముందు ఆగింది.

"మామయ్యా, నాతో రండి."

"నేనెందుకమ్మా?"

"బంగాళాదుంపలు ఐదు కిలోలు కావాలి. నేనొక్కదాన్నీ మోయలేను."

ఇద్దరూ బజారంతా తిరిగారు. ఆయన బేరం ఆడలేదు. ఒకచోట టమాటాలు మెత్తగా ఉన్నాయని మాత్రం చెప్పాడు. ఆమె అవి వదిలేసి పక్క బండి దగ్గర కొంది. తిరిగొస్తూ, బరువుకి చేతులు మార్చుకోవడానికి ఒక మూసిన కొట్టు మెట్ల మీద ఆగారు.

"మామయ్యా, మీకో సంగతి చెప్పాలి," అంది ఆమె. "మేనేజరు ఆ ప్యాకెట్టు చూపించగానే నాకు తెలిసిపోయింది, మీరేనని. ఆవిడ నా పక్కనే నిలబడి ఏడుస్తోంది. పిల్లల మీద ఒట్టు పెడుతోంది. ఒక్క ముక్క అనలేకపోయాను. ఇంటికొచ్చి మిమ్మల్ని నిలదీశాను గానీ, ఆవిడ గురించి కాదు, నా ఉద్యోగం గురించే ఆలోచించాను. మర్నాడు పొద్దున మీరు వెళ్లుండకపోతే నేను నోరు తెరిచేదాన్ని కాదు. ఇన్ని రోజులూ మీరొక్కరే తలదించుకుని కూర్చుంటే చూస్తూ ఊరుకున్నాను."

దారిన పోయే వాళ్లు చూస్తున్నారని తెలిసీ ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. పెద్దాయన సంచీ కింద పెట్టి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆవిడ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దామమ్మా. షాపుకి కాదు, ఇంటికి. తలుపు తీస్తుందో లేదో తెలియదు."

"తియ్యకపోతే?"

"మళ్లీ వెళ్దాం."

ఆమె కళ్లు తుడుచుకుని బంగాళాదుంపల సంచీ అందుకోబోయింది. ఆయన ఇవ్వలేదు. ఒక చెవి తను పట్టుకుని, రెండోది ఆమె వైపు చాపాడు. సంచీని ఇద్దరి మధ్యా వేలాడేసుకుని మెట్లు దిగారు.