చలిలో ఆరని వెలుగు

"బ్లీచింగ్ నీళ్లు పోసి చంపేశారండీ! ఒక్కటీ మిగల్లేదు," అంటూ ఆ అమ్మాయి కుర్చీలో కూలబడింది.

"ఎవర్ని?" అని అడిగింది డిటెక్టివ్, తొణకకుండా. ఎక్కడికెళ్లినా ఆమె వెన్నంటే ఉంటాడు గనుక 'తోక' అని పేరుపడ్డ బట్టతల అసిస్టెంటు అప్పటికే పోలీసులకు ఫోన్ చేయబోతున్నాడు.

"నా బాక్టీరియాని."

తోక ఫోన్ కింద పెట్టేశాడు.

ఆ అమ్మాయి జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. సముద్రపు లోతుల్లోని నీటి నుంచి ఆమె వేరుచేసిన బాక్టీరియా చీకట్లో వెలుగుతుంది. అందుకే ల్యాబులో ఆమెను 'మిణుగురు' అంటారు. అక్కడున్న మిగతా రకాలు చల్లబడితే ఆరిపోతాయి. ఇది ఫ్రిజ్‌లో కూడా వెలుగుతుంది. నిన్న పొద్దున ఆమె వెళ్లేసరికి ఫ్లాస్కులూ, ఫ్రీజర్‌లో దాచిన ట్యూబులూ అన్నీ బ్లీచింగ్ కంపు కొడుతున్నాయి.

"గదులు కడిగే బాబాయ్ పొరపాటున పోశాడని ప్రొఫెసర్‌గారు ఆయన్ని పనిలోంచి తీసేస్తామంటున్నారు. అన్ని ట్యూబుల మూతలూ ఒక్కొక్కటే విప్పి పోశారండీ. పొరపాటున అలా ఎవరు చేస్తారు?"

"ఎవరూ చెయ్యరు. పదమ్మా," అంటూ డిటెక్టివ్ లేచింది.

ల్యాబుకు వెళ్లే దారిలో ఆమె అడిగింది ఒకటే ప్రశ్న: "ఒక చుక్క చింది ఎక్కడైనా పడితే అవి బతుకుతాయా?"

"ఉప్పూ తడీ ఉంటే కొన్నాళ్లు బతకొచ్చు."

ప్రొఫెసర్ విసుక్కున్నాడు. "నా ల్యాబుకి డిటెక్టివ్ ఎందుకండీ?" కడిగే బాబాయ్ మాత్రం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "పాప గాజుసామాను నేను ముట్టుకోనమ్మా. నేల కడగడం వరకే నా పని."

పక్క గదిలో పనిచేసే సీనియర్ పరిశోధకుడు మర్యాదగా కుర్చీ వేశాడు. మిణుగురు అతన్ని అన్నయ్యా అని పిలుస్తుంది.

"ఈ అమ్మాయి గదిలోకి చివరిసారి ఎప్పుడెళ్లారు?"

"నేనా? అందులో అడుగుపెట్టి ఏడాదైంది. పాపం, దాని కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరయింది."

డిటెక్టివ్ దూది పుల్లలు తీసి ముగ్గురి చేతులూ తుడిచింది. సీనియర్ ధీమాగా చేతులు చాపాడు. అరచేతులు పొడిబారి, చర్మం పొట్టు రేగుతోంది. ఆమె ఇంకో పుల్ల తీసి, అతని వాచీకున్న గుడ్డపట్టీ కింద తుడిచింది. పట్టీ చెమటకు తడిసి ఉంది. అతను చెయ్యి వెనక్కి లాక్కోబోయి ఆగిపోవడం తోక కంటపడింది.

ఆ నాలుగు పుల్లలనూ మిణుగురు ఉప్పు కలిపిన జెల్లీ ప్లేట్ల మీద రుద్ది, ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేసింది. చలిలో పెరగడానికి టైం పడుతుందంది. అప్పటిదాకా బాబాయ్‌ని పనిలోంచి తీయనని ప్రొఫెసర్ ఒప్పుకున్నాడు.

వారం గడిచాక డిటెక్టివ్ అందర్నీ మిణుగురు గదిలోకి పిలిచింది. మధ్యాహ్నమే అయినా కిటికీలకు నల్లగుడ్డలు కట్టించి, ప్లేట్లు బల్లమీద పరిచి, లైటు ఆర్పింది.

మొదట ఏమీ కనిపించలేదు. ఎవరి ఊపిరి వాళ్లకే వినిపిస్తోంది. కళ్లు చీకటికి అలవాటు పడేకొద్దీ, బల్ల చివర ఒక నీలికాంతి మెల్లగా తేలింది. చిన్న చిన్న చుక్కలు. ఆకాశాన్ని ఎవరో చిల్లర మార్చి ఆ ప్లేటులో పోసినట్టున్నాయి. మిగతా మూడూ చీకటిగానే ఉన్నాయి.

"అమ్మో!" అన్నాడు తోక. ఇరవయ్యేళ్లుగా నేరాలు చూస్తున్నవాడికి అంతకుమించి మాట రాలేదు.

"ప్రొఫెసర్‌గారి చేతులు, బాబాయ్ చేతులు, సీనియర్‌గారి చేతులు, మూడూ ఖాళీ," డిటెక్టివ్ గొంతు కూడా తగ్గింది. "ఈయన చేతులు బ్లీచింగ్‌తో కడుక్కున్నారు, చర్మమే చెప్పింది. వాచీ పట్టీ సంగతి మర్చిపోయారు. ఫ్లాస్కుల మూతలు విప్పేటప్పుడు చిందిన చుక్క చెమట ఉప్పులో బతికింది. చలిలో వెలిగింది కాబట్టి ఇది మిణుగురుదే. ఏడాదిగా ఈ గదిలోకి రానివారి పట్టీ కిందకి ఎలా వచ్చింది?"

"ఈ జాతి చలిలో వెలగదని నా థీసిస్‌లో రాశాను," అన్నాడు సీనియర్. "ఈ పిల్ల చేత తప్పనిపించుకోవడం, కొత్త ఉద్యోగంలో చేరబోతూ... తట్టుకోలేకపోయాను."

"అన్నయ్యా, నువ్వసలు దీన్నెప్పుడైనా లైటార్పి చూశావా?"

"లేదు." అతను ప్లేటు మీదికి వంగాడు. నీలివెలుగు అతని ముఖం మీద పడింది. "ఇలా ఉంటుందని తెలీదు."

ప్రొఫెసర్ చీకట్లోనే బాబాయ్ చెయ్యి తడిమి పట్టుకున్నాడు. మిణుగురు ఏడుస్తూనే కొత్త ప్లేటు తీసి, ఒక నీలిచుక్కను సూదిమొనతో అందుకుని గీత గీసింది. లైటు వేయమని ఎవరూ అనలేదు.