పసుపు పెట్టిన బండి

పొద్దున్నే సాలి పొయ్యి మీద చాయ్ పెట్టిందో లేదో, వాకిట్లో మొగుడు రూప్లా నోరు లేచింది. వారం రోజులుగా ఇదే వరస. చాయ్ మరిగినా మరగకపోయినా ఆ నోరు మాత్రం మరుగుతూనే ఉంది.

"ఆడపిల్ల చేతికి స్టీరింగిస్తే గిట్లనే అయితది! ఇన్నేండ్లు నడిపిన, ఒక్కనాడన్నా ఇంజన్ పట్టేసిందా? ఈమె చేతుల పడ్డదో లేదో ఖతం!"

తిట్లు తినేది కూతురు హారిక. లారీ ముందు గొంతుక్కూర్చుని పానాతో బోల్టులు విప్పుతోంది. నడుము దెబ్బతిని తండ్రి బండి నడపలేకపోయాక, గరిడేపల్లి వడ్లను మిర్యాలగూడ మిల్లులకు తోలుతున్నది ఈ పిల్లే. పోయిన వారం నిండు లోడుతో పోతుంటే దారిలోనే ఇంజన్ పట్టేసి బండి కొయ్యబారిపోయింది. తాడు కట్టి తండాకు ఈడ్చుకొచ్చారు. సాలి తన బర్రెలు రెండూ అమ్మింది. అమ్మితే కోదాడ నుంచి ఒక పాత ఇంజన్ వచ్చి, గోనెపట్టా కప్పుకుని గోడ పక్కన కూర్చుంది. పట్టేసినదాన్ని పైకి లేపడానికి మేస్త్రీ పెద్దులు వాకిట్లో మూడు దుంగలు నిలబెట్టి గొలుసు కప్పీ కట్టాడు.

"హాలియాల ఉన్న డ్రైవర్‌తోని మాట్లాడిన. ఇంజన్ ఎక్కంగనే తాళంచెవి ఆయనకిస్త. ఈమె ఇగ బండి ముట్టొద్దు!" అన్నాడు రూప్లా.

హారిక చేతిలో పానా ఆగిపోయింది.

"బాపూ, బండి వేడెక్కుతుందని ఆపి నీకు ఫోన్ చేసిన్నా లేదా? నీళ్లు పోసుకొని పో అన్నవ్. పోసిన నీళ్లు పోసినట్టే పైకి తన్నుకొచ్చినయ్. అది గూడ చెప్పిన."

"అబద్ధం! రేడియేటర్ల నీళ్లు పట్టకపోవుడేంది? పోసుడు చాతగాక మాటలు చెప్తున్నవ్!"

సాలి పొయ్యి మీది చాయ్ గ్లాసులోకి వంచింది. పిల్ల ఎండకు నల్లబడి, అరచేతులు కాయలు కాచి ఇల్లు లాక్కొస్తోంటే చేతగాదంటాడా? చాయ్ గ్లాసు తెచ్చి మొగుడి ముందు ఠక్కున పెట్టింది.

"తాగు. నోటికి జర పనన్నా ఉంటది."

పెద్దులు గొడవను పట్టించుకోకుండా తన పనిలో ఉన్నాడు. "రేడియేటర్ దీసి పక్కకు పెట్టాలె. లేకుంటే ఇంజన్ బయటికి రాదు" అన్నాడు. హారికా అతనూ కలిసి దాన్ని దించి బండ మీద పెట్టారు. సాలి నీళ్ల పైపు పట్టుకొచ్చింది.

రూప్లా గ్లాసు వదిలేసి ఉలిక్కిపడి లేచాడు. "దాన్ని కడుగుడెందుకు? అట్లనే ఉండనియ్ సాలీ!"

"బర్రెలమ్మి ఇంజన్ తెచ్చి, మురికి డబ్బా బిగిస్తరా?" అంటూ సాలి నీళ్లు పట్టింది. కింది గొట్టంలోంచి చుక్క కూడా రాలేదు. పెద్దులు పుల్ల పెట్టి కెలికితే బుడుక్కుమని ఇంత పచ్చటి ముద్ద జారింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇంకొకటి. సాలి వేలితో తీసి వాసన చూసింది. రోజూ కూరలో వేసే వాసన ఆమెకు తెలియదా!

"పసుపు! రేడియేటర్ల పసుపేంది?"

"సన్న లీకుంటే ఏస్తరు వదినా," అన్నాడు పెద్దులు. "నీళ్లల్ల ఉబ్బి బొక్క మూస్తది. ఏదో మెకానిక్ దొరికేదాకా చిటికెడంత. గింతగనం ఏస్తే లోపలి దారులన్నీ మూసుకపోతయ్. ఇగ నీళ్లు యాడ తిరుగుతయ్, ఇంజన్ యాడ సల్లబడ్తది?"

సాలికి వంటింట్లో పసుపు డబ్బా గుర్తొచ్చింది. ఎన్నిసార్లు నింపినా పసుపు డబ్బా ఖాళీ అవుతుంటే, మొఖానికి రుద్దుకుంటున్నావని ఆమె హారికనే కదా తిట్టింది! "నేను ముట్టలే యాడీ" అని పిల్ల తల్లి ముందు ఎంత మొత్తుకున్నా నమ్మిందా? రూప్లా వైపు చూస్తే, తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తున్నాడు.

"నువ్వేనా ఏసింది?"

రూప్లా ఇంట్లోకి పోబోయాడు.

"నిన్నే అడుగుతున్న!"

"లీకుండె... సూర్యాపేటల మాటు వేయించాలంటే బండి ఆగుతది. వడ్ల సీజనాయె. కారినప్పుడల్లా రాత్రిపూట ఇంత ఏసిన."

"పిల్లకు చెప్పినవా?"

"ఎట్ల చెప్త? బండి బాగుంచుకోవాలని నేర్పినోణ్ణే నేను. గిదేంది బాపూ అని అడుగుతదని..."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీ తప్పు దెచ్చి పిల్ల నెత్తిన రుద్దినవ్! తండంతా పిల్లను చూసి పకపక నవ్వుతుంటే విన్నవ్ గదయ్యా! నా బర్రెలు పోతే పోయినయ్. పిల్ల చేతిల తాళంచెవి గుంజుకోనీకె నీకు మనసెట్లొచ్చింది? థూ!"

ఇన్ని రోజుల్లో ఒక్క కన్నీటిచుక్క రాల్చని హారిక అప్పుడు భోరుమంది. సాలి పచ్చటి చేతులతోనే దగ్గరికి తీసుకుంది. "నేను గూడ నిన్ను దొంగను జేసిన బిడ్డా" అని తనూ ఏడ్చింది.

"ఇంజన్ పోయిందని ఏడుస్తలేను యాడీ. నేను అబద్ధం చెప్తున్ననన్నడు, మా బాపు!"

ఆ మాట రూప్లాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నడుము పట్టుకుని బండ దగ్గర కూలబడ్డాడు. నీళ్ల పైపు తీసుకుని ఆ పసుపంతా తనే కడగసాగాడు. కాసేపటికి జేబులోంచి ఫోన్ తీశాడు.

"అన్నా, నువ్వు హాలియా నుంచి రాకు. మా బండికి డ్రైవరున్నది. నా బిడ్డ."

మర్నాటి సాయంత్రానికి రేడియేటర్ సూర్యాపేటలో మాటు వేయించుకుని వచ్చింది. ఇంజన్ ఎక్కింది. సాలి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమల పళ్లెం రూప్లా ముందుకు జరిపింది. అతను వేళ్లు పసుపులో ముంచాడు.

హారిక సీట్లోంచి తల బయటికి పెట్టింది. ఇంకా కోపంగానే ఉంది.

"బాపూ! పసుపు బయట్నే పెట్టు!"

పెద్దులు ఫక్కున నవ్వాడు. సాలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రూప్లా నవ్వబోయి, నవ్వలేక ఏడ్చేశాడు. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంటే మొఖమంతా పసుపైంది. తండ్రిని అట్లా చూసి హారిక పెదవి కొరుక్కుంది.

"తుడుచుకొని ఎక్కు బాపూ. మిర్యాలగూడ పోయొద్దాం," అని తాళం తిప్పింది.