జయకర్ కీ వాచీ

శంషాబాద్ బస్టాండు దగ్గర నాది చిన్న వాచీల దుకాణం. నా పేరు మల్లేశ్వర్. దెయ్యాల మాట ఎవరెత్తినా నాకు నవ్వే. ఇన్నేళ్లు కస్టమర్లతో వేగినవాడికి దెయ్యాలొక లెక్కా?

ఆ మధ్యాహ్నం తొండుపల్లి నుంచి ప్రేమావతి వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని ఆమెది. ఒక్కగానొక్క కొడుకు జయకర్ నిరుడు డ్యూటీ దిగి బండి మీద వస్తూ హైవే మీద యాక్సిడెంటులో పోయాడు. అతని చేతికున్న కీ వాచీని చేతిరుమాల్లో చుట్టి తెచ్చింది.

"చెవు కాడ పెట్టుకుంటే మావాడు మాట్లాడతడన్నా," అంది గొంతు తగ్గించి. "అమ్మా, తిన్నవా అంటడు. గంతే. మొన్న ఆగిపోయింది. అప్పటిసంది ఒక్క మాట లేదు. జర ఎట్లన్న నడిపియ్యి."

నవ్వు వచ్చింది కానీ ఆమె కళ్లు చూసి మింగేశాను. "ఎట్లాగూ చర్చికి పోతున్నవ్ కద, పోయి రా చెల్లె. నువ్వొచ్చేసరికి నడుస్తది," అన్నాను.

సాయంత్రానికి మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. పైన విమానం కనబడలేదు, మోత మాత్రం రేకుల మీంచి దొర్లుతూ పోయింది. వాన మొదలవగానే మట్టి వాసనతో పాటు దుకాణం ముందు మోరీలోని మురుగు కంపు కూడా లోపలికొచ్చింది. టార్చి వెలుగులో వాచీ విప్పాను. కీ ఇచ్చినప్పుడు చక్రం వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే స్ప్రింగొకటి ఉంటుంది, వెంట్రుకంత సన్నం. దాన్ని పట్టుకున్న చిమ్టా కొన జారింది. స్ప్రింగ్ ఎగిరి చీకట్లో ఎక్కడో పడింది.

మోకాళ్ల మీద పాకాను. అయస్కాంతం తిప్పాను. నేలంతా ఊడ్చి, దుమ్ము కాగితం మీద పోసి వెతికాను. లేదు. మా పనిలో వాచీ కస్టమర్ చేతికి పోయేదాకా ఆ దుమ్ము పారేయరు. నాకు విసుగొచ్చి కాగితంతో సహా బయట మోరీలో కొట్టేశాను.

ఇక పోయిన స్ప్రింగ్ ఎలా ఉండేదో పోల్చుకోవాలి. ప్లేటు మీద దాని గాడి ఉంది, అది రాసుకుని రాసుకుని మెరిసిన గీత ఉంది. దాన్ని బట్టి వంపు, పొడవు తెలిశాయి. పాత వాచీల డబ్బా తిరగేస్తే అలాంటిదే ఒక చిన్నపిల్ల వాచీలో దొరికింది. ఎవరో తల్లి తన కూతురిదని రిపేరుకిచ్చి మళ్లీ రాలేదు. కొంచెం వంచితే సరిపోయింది.

బిగించాను. కీ ఇచ్చాను. కిర్... కిర్... నడిచింది.

అప్పుడే ఎవరో ముక్కు ఎగబీల్చారు.

తలెత్తాను. గుమ్మంలో ఎవరూ లేరు. వాన ఒక్కటే. మళ్లీ వినబడింది... చాలా దగ్గర్నుంచి... నా అరచేతిలోంచి. దవాఖాన వాసన. తడిసిన దుప్పటి వాసన.

ప్రేమావతి తడుస్తూ వచ్చింది. వాచీ అందుకుని ఆత్రంగా చెవికి పెట్టుకుంది. ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత మెల్లగా వాడిపోయింది.

"ఇందుల మావాడు లేడన్నా."

"నడుస్తుంది కద చెల్లె..."

"ఎవరో ఆడపిల్ల. సలి పెడుతుందని ఏడుస్తుంది." నా వైపు చూసింది. "ఏం మార్చినవ్?"

చెప్పాను. అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"మరి పాతది ఏడున్నది?"

చెయ్యెత్తి మోరీ చూపించాను. ఆ క్షణాన భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

ఆమె వాచీ బల్ల మీద పెట్టేసి వానలోకి ఉరికింది. మోరీ అంచున కూలబడి బురదలో చేతులు పెట్టింది. నీళ్లు హైవే దిక్కు పరుగెడుతున్నాయి. "జయకర్... బిడ్డా... ఏడున్నవ్‌రా..." అంటూ ఆ నీళ్ల వెంటే వంగి వంగి పోతోంది. ఆ తల్లి గొంతు వింటే నాకు ఏడుపాగలేదు. టార్చి తీసుకుని నేనూ బయటికి అడుగు వేశాను.

వెనక బల్ల మీంచి పిలుపు వినబడింది. సన్నగా... అప్పుడే నిద్ర లేచిన పిల్ల గొంతు...

"అంకుల్... అమ్మ మళ్ల ఇడిసిపెట్టి పోయిందా?"