ఆ కాగితం మీద లేని పేరు

ఆ ఆదివారం ఇంట్లో ముగ్గురే ఉన్నారు: బాత్మా, ఆమె కోడలు సైరా, మనవరాలు ఎలీజా. కొడుకు గుర్రాలను తోలుకుని చలికాలపు మేతభూములకు వెళ్ళాడు. వసారాలో కట్టేసిన దూడను కూడా కలిపితే నలుగురు. బయట ఆ ఏడాది తొలిమంచు పడుతోంది.

దేశానికి కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రోజు అది. బడిలో లెక్కలు చెప్పే సైరాయే ఆ బడిలోనే పెట్టిన పోలింగ్ కేంద్రానికి అధికారి. తెల్లవారకముందే లేచి రొట్టె కోసి, అత్తగారి గిన్నెలో పాలు కలిపిన టీ పోసి, మెల్లగా అంది.

“అత్తయ్యా, పొద్దున్నే వచ్చేయండి. జనం ఎక్కువైతే నిలబడలేరు.”

“నేను రాను.”

ఎలీజా నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. “అదేంటి నానమ్మా! నా మొదటి ఓటు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తానన్నావుగా!”

“దేనికే? ఒకడు మన ఏటి మీద వంతెన కడతానని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు. ఇంకొకడు వాడి అల్లుడు. మూడోవాడు హెలికాప్టర్లో దిగి, గొర్రెలన్నిటినీ బెదరగొట్టి, పిండి బస్తాలు పంచి ఎగిరిపోయాడు. వీళ్ళలో ఎవణ్ణి ఏరుకోమంటావు? కుళ్ళిన బంగాళాదుంపలు ముందు పోసి కూర వండమన్నట్టుంది.”

“మీ కాలంలో ఓటు కాగితం మీద ఒక్క పేరే ఉండేదటగా,” అంది ఎలీజా. “ మరి మీరేం ఎన్నుకున్నారు?”

“నారింజపళ్ళు,” అంది బాత్మా ఠక్కున.

ముగ్గురూ నవ్వారు. ఆ మాట నిజమే. ఏడాదంతా కంటికి కనపడని నారింజలు ఓట్ల రోజు మాత్రం బడి ముందు అమ్మేవారు. ఎవరో అకార్డియన్ వాయించేవారు. ఆమె భర్త తెల్లటి ఉన్ని టోపీ పెట్టుకుని, గుర్రానికి మంచుబండి కట్టి, ఊరందరికంటే ముందు ఆమెను తీసుకెళ్ళేవాడు. తర్వాత దేశం మారింది, కాగితం మీద పేర్లు పెరిగాయి. మొదటిసారి అన్ని పేర్లు చూసిన రోజు ఆయన ఓటు వేసే తెర వెనక నుంచి ఎంతకీ బయటికి రాలేదు. ఆమె కంగారుపడుతుంటే, “ఒక్కోటీ చదువుకుంటున్నాను బాత్మా,” అన్నాడు, పెళ్ళినాటి ముఖంతో.

ఆ ముఖం గుర్తొచ్చేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ బాధ కోపమై కోడలి మీదికి తిరిగింది.

“అయినా మేం వేస్తే ఎంత, మానేస్తే ఎంత? పైవాళ్ళు చెప్పిన అంకె రాత్రికి మీరు రాసుకుంటారు. ఊరంతా అదే అంటోంది.”

సైరా ముఖం పాలిపోయింది. “ఊరు అననీ. మీరూ అదే అంటున్నారా?”

“లోపల ఏం జరుగుతుందో ఎవరు చూశారు?”

“నేను చూశాను అత్తయ్యా. అక్కడ కూర్చునేది నేనే.”

సైరా టీ ముట్టలేదు. కోడలు అత్తగారికి వీపు చూపించకూడదన్నది అక్కడి మర్యాద. అంత దుఃఖంలోనూ ఆమె ఎదురుగా నిలబడి, వెనక్కి వెనక్కి నడుస్తూనే గడప దాటింది.

మధ్యాహ్నం ఎలీజా ఒక్కతే వెళ్ళి ఓటు వేసి వచ్చింది.

“నారింజ ఇచ్చారా?” అంది బాత్మా, ముఖం చూడకుండా.

“చాక్లెట్ ఇచ్చారు. కానీ నానమ్మా, అమ్మను చూడాలి నువ్వు! గుర్తింపు కోసం చూపాల్సిన పాస్‌పోర్టు తేలేదని ఊరిపెద్దనే వెనక్కి పంపేసింది. ‘నన్నెరగవా?’ అని అరిచాడు. ‘నేనెరుగుదును బాబాయ్, చట్టానికి తెలియాలిగా’ అంది. మంచులో జారుకుంటూ ఇంటికెళ్ళి తెచ్చుకున్నాడు!”

బాత్మా నవ్వలేదు. గోడకు వేలాడుతున్న భర్త టోపీ వైపు చాలాసేపు చూసింది. పొయ్యిలో బొగ్గు వేసింది. ఆవు పాలు పితికింది. పొద్దున అన్న మాట ఏ పని చేస్తున్నా వెంటే తిరుగుతోంది. పేర్లన్నిటి కిందా ‘వీళ్ళెవరూ వద్దు’ అనే గడి ఒకటి ఉంటుంది. కనీసం అందులోనైనా గుర్తు పెట్టి, కోడలి కళ్ళ ముందే పెట్టెలో వేయాలి. ‘నీ మీద నమ్మకం ఉంది’ అని నోటితో చెప్పడం ఆమెకు చేతకాదు.

ఆ నిర్ణయానికి వచ్చేసరికి చీకటి పడింది. అక్కడి పెద్ద ఆడవాళ్ళు చుట్టుకునే తెల్లటి తలపాగా చుట్టుకుని, ఎలీజా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. మంచు కాళ్ళను సాగనివ్వలేదు. బడి మెట్లు ఎక్కుతుండగా లోపల గడియారం ఎనిమిది కొట్టింది.

గుమ్మంలో సైరా నిలబడి ఉంది, తలుపు మీద చేయి వేసి.

“అత్తయ్యా... టైమ్ అయిపోయింది.”

“అమ్మా, రెండే మెట్లు!” అని ఏడ్చినంత పని చేసింది ఎలీజా.

మెట్ల పక్కన సిగరెట్ కాలుస్తున్న ఊరిపెద్ద గట్టిగా నవ్వాడు. “ఏం కోడలివమ్మా! సొంత అత్త మొహం మీదే తలుపేస్తావా? రానీ, ఎవరు చూస్తారు?”

బాత్మా అతనివైపు తిరిగింది. “నేను చూస్తాను,” అంది.

మళ్ళీ కోడలి వైపు చూసింది. సైరా కళ్ళ నిండా నీళ్ళున్నాయి. తలుపు మీద చేయి మాత్రం కదల్లేదు.

“పొద్దున్నుంచీ ఒక్క మంచి పేరు లేదని ఏడుస్తున్నాను తల్లీ,” అంది బాత్మా. “నీ పేరు ఆ కాగితం మీద ఎవరూ వేయలేదు, అంతే. మీ మామయ్య ఉంటే ఎంత మురిసిపోయేవాడో! మూసెయ్యి. బయట చలి.”

సైరా నడుము వంచి అత్తగారికి నమస్కరించింది. వీపు చూపించకుండానే ఒక్కో అడుగూ వెనక్కి వేసి, ఆమె ముఖం మీదే మెల్లగా తలుపు మూసింది.