చూరు కింద రెండు

పొయ్యి మీద చాయ్ మరుగుతుండగానే అమృతమ్మ లెక్కల పుస్తకం పట్టుకుని కూర్చుంది. ఊరి పక్కన విమానాలు దిగడం మొదలైన ఏడే కూతురు శిరీషకు జ్వరంలో చూపు పోయింది. అప్పటి నుంచి ఇప్పటి డిగ్రీ దాకా ఆ పిల్ల లెక్కల చదువంతా తల్లి నోటి మీదుగానే నడుస్తోంది.

అమృతమ్మ బడి ముఖం చూడలేదు. అంకెలూ, నాలుగు ఇంగ్లిషు అక్షరాలూ కూతురే నేల మీద వేలితో గీసి నేర్పింది. గుర్తులకు మాత్రం ఆమె తన పేర్లే పెట్టుకుంది. వర్గమూలం గుర్తు చూరు. సమాకలని, అంటే ఇంటిగ్రల్ గుర్తు, గాలం. అనంతం మెలిపడ్డ పలుపుతాడు. "చూరు కింద రెండు" అని ఆమె చదివితే శిరీష నవ్వుకుంటూనే లెక్క కట్టేది. వాళ్ల ఊరు మామిడిపల్లి మీదుగా విమానం పోతుంటే ఇద్దరూ ఆగి, మోత తగ్గాక మళ్లీ అందుకునేవారు.

డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్షలు వారంలో ఉన్నాయి. ఆ పొద్దున ఒక లెక్క ఎన్నిసార్లు చేసినా జవాబు కుదరలేదు. విమానాశ్రయంలో రాత్రి కాపలా చేసి అప్పుడే వచ్చిన తండ్రి జంగయ్యను చూడమంది శిరీష. గాలం ముందు తీసివేత గీత ఉందన్నాడతను. అమృతమ్మ దాన్ని చదవనే లేదు.

శిరీషకు కోపం ఆగలేదు.

"నిన్న గట్లనే, ఇయ్యాల గట్లనే. సదివేటప్పుడు నీ మనసు ఏడుంటదే అమ్మా? గీ గీతొక్కటి పోతే లెక్కంత పోతది. నాకు మిగిలింది గీ సదువొక్కటే."

అమృతమ్మ పుస్తకం తీసుకుని మళ్లీ చదవబోయింది. వద్దని లాక్కోవడానికి శిరీష చెయ్యి చాపింది. పుస్తకం తల్లి ఒళ్లో లేదు. తడుముకుంటూ పైకి వెళ్లిన చేతికి అట్ట దొరికింది. దాని వెనకే తల్లి ముక్కు. కాగితం కనురెప్పలకు ఆనుకుని ఉంది.

"ఎప్పటి సంది గిట్ల?" అంది శిరీష, గొంతు తగ్గించి.

"దసరా సంది. నాకు సుత కనవడ్తలేదంటే నువ్వు పుస్తకం మూస్తవ్ బిడ్డా. పరీక్షలైనంక చెప్దామనుకున్న."

జంగయ్య విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు. రోజూ ఎదురుగా ఉంటూ తానూ గమనించలేదు.

ఆ పూటే ముగ్గురూ కంటి దవాఖానకు వెళ్లారు. అక్కడ గోడ మీద ఉన్నది చదువు రానివాళ్ల కోసం పెట్టిన పటం. మూడు కాళ్ల గుర్తు ఒక్కోచోట ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటుంది. ఎటు తిరిగిందో చేత్తో చూపమన్నాడు డాక్టరు. డాక్టరు చేతి పుల్ల పటం మీద టక్కుమంది. కాసేపాగి మళ్లీ, ఇంకొంచెం పైన. శిరీష పట్టుకున్న తల్లి చెయ్యి కదల్లేదు.

"ఇది అన్నిటికన్నా పెద్దదమ్మా," అన్నాడు డాక్టరు.

ఆ చెయ్యి అప్పుడూ కదల్లేదు.

ఒక కంట్లో చూపు ఇక రాదనీ, రెండోదైనా దక్కాలంటే వెంటనే ఆపరేషన్ చేయాలనీ చెప్పాడు. అమృతమ్మ కుర్చీలోంచి లేవబోయింది.

"వారమైనంక వస్త సారూ. బిడ్డకు పరీక్షలున్నయ్."

"పరీక్షలు వచ్చే ఏడు రాస్త సార్," అంది శిరీష. "మా అమ్మను ఇయ్యాలనే చేర్చుకోండ్రి."

అమృతమ్మ వేళ్లతో వెతుక్కుంటూ బిడ్డ తడిసిన చెంపలు తుడిచింది.