గడ్డికట్ట వేలాడే ఇల్లు

"ఈ గడ్డికట్ట మా తలుపుకి ఇంకెన్నాళ్లు వేలాడాలి డాక్టరుగారూ?" గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది బార్బెర. "ప్లేగు తగ్గి మా నాన్న లేచి తిరుగుతున్నాడు. ప్లేగు ఇల్లని గుర్తుగా కట్టిన ఈ గడ్డి చూసి మా రొట్టెలు కొనేవాళ్లు లేరు."

లీవెన్ చేతిలోని తెల్లకర్రను గోడకి ఆనించాడు. హార్లెం నగరానికి ప్లేగు వైద్యుడతను. ఆ కర్ర కనబడితే జనం వీధి దాటి అవతలికి పోతారు. రేయింబవళ్లు తిరిగి కళ్లు గుంటలు పడ్డాయి.

"వచ్చే వారం చూద్దాం."

"పోయిన వారమూ ఇదే మాట. మామీద కోపమా? సూప్ మాత్రం గిన్నె ఖాళీ చేసి వెళ్తారు."

నవ్వడానికి అతనికి ఓపిక లేదు. అబద్ధమాడే ఓపిక అంతకన్నా లేదు.

"గడ్డి కట్టిన ఇంట్లోకి తప్ప మరే ఇంట్లోకీ నేను అడుగు పెట్టకూడదు. కట్ట తీస్తే మిమ్మల్ని చూసే దారి ఉండదు."

బార్బెర మొహం ఎర్రబడింది. అందులో సిగ్గు కొంత, మంట చాలా.

"నన్ను చూడ్డానికి మా పొయ్యి ఆర్పేస్తారా? మీకేం, మీ అక్కగారు కౌన్సిలర్‌గారి మేనకోడల్ని చూసిపెట్టారటగా."

"ఆ సంబంధం ఆశతోనే కౌన్సిలర్‌గారు నాకీ ఉద్యోగం ఇచ్చారు. నాకు ఆ అమ్మాయి వద్దు. మీరు కావాలి. అయినా మీకు చేసింది తప్పే."

తనే కట్ట విప్పి కింద పడేసి, కర్ర తీసుకుని వెనుదిరిగాడు. కాళ్లు ఈడ్చుకుంటూ పోతున్న ఆ మనిషిని చూస్తే ఆమె కోపం నిలవలేదు. లోపలి నుంచి బల్ల ఒకటి లాక్కొచ్చి గుమ్మం బయట వేసింది.

"లోపలికి రాకూడదన్నారు. బయట కూర్చోకూడదని ఎవరూ అనలేదుగా. ఉండండి, సూప్ తెస్తాను."

ఆమె గిన్నెతో వచ్చేసరికి అతను బల్ల మీద కూర్చుని, గోడకి జారగిలబడి నిద్రపోతున్నాడు.

ఇంటి ముందున్న సన్నటి కాలవ అవతలి గట్టున అతని అక్క అగాతా వచ్చి నిలబడింది. తమ్ముణ్ణి చూసింది, ఆ పిల్లని చూసింది. బార్బెర గిన్నె బల్ల చివర పెట్టింది.

"లేపమంటారా అమ్మగారూ?"

అగాతా తల అడ్డంగా ఊపింది.

"వద్దు. ప్లేగు వచ్చిన దగ్గర్నుంచీ వాడు నా గుమ్మం ముందు నిలబడే మాట్లాడి పోతున్నాడు. ఎంత బతిమాలినా కూర్చోడు." ఆమె మళ్లీ తమ్ముడి వైపు చూసింది. "కౌన్సిలర్‌గారికి నేను చెప్పుకుంటాలే. వాడి మెడ కింద ఏదైనా పెట్టమ్మా, పట్టేస్తుంది."